తాత పేరు రాయని పేజీలు

జనగామ డిగ్రీ కాలేజీలో సాయంత్రం బస్సులకు ఉరికే ముందు పిల్లలంతా రాసుకున్నది ఒకసారి తిరగేసుకుంటారు. ఎక్కడినుంచైనా తెచ్చుకున్న మాట కింద తెచ్చిన చోటు పేరు రాయాలి. రాస్తే ఆ మాట కాగితం మీద నిలుస్తుంది. మరిచిపోతే తెల్లారేసరికి తెచ్చిన చోటికే వెళ్లిపోతుంది, ఆ జాగా తెల్లగా మిగులుతుంది. హన్మంత్ ఒకసారి భూపాలపల్లిలో ఉన్న బామ్మర్ది అసైన్‌మెంటు మొత్తం దించేశాడు. "బావా, పోయిన మాటలు పోయినట్టు రాక, నువ్వు చేసిన తప్పులు గూడ ఏసుకొనొచ్చినయ్ గదనే!" అని పొద్దున్నే అతను ఫోన్ చేసి తిట్టాడు.

అమూల్య అట్లాంటి పిల్ల కాదు. చివరి ఏడాది ప్రాజెక్టుకు మోటబావుల సేద్యం తీసుకుంది. పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు, పేజీ, అన్నీ పద్ధతిగా రాసింది. అయినా నడిమి పేజీలు ఒక తెల్లారికి తెల్లబడ్డాయి.

"గివి ఎవరి మాటలు?" అని ప్రాజెక్టు చూసే రజిత మేడం అడిగింది.

"నావే మేడం. చిన్నప్పటి సంది నాకు తెల్సినయే."

"నీవైతే ఎందుకు పోతయ్? శుక్రవారంకల్లా నింపుకరా. లేకుంటే డిగ్రీ ఆగుతది."

ఆ సాయంత్రం లింగాల ఘనపూర్‌లో బస్సు దిగి ఇంటికొస్తే, వాకిట్లో మంచం మీద తాత ఐలయ్య మాట్లాడుతున్నాడు. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయి రెండేళ్లయింది.

"ఎడ్లు దారి దిగుతుంటే మోట తాడు మీద కూసునేది. తోలు బొక్కెన గడ్డకెక్కంగనే తొండంల నుంచి నీళ్లు కాల్వల దుమికేది."

పొద్దున ఖాళీ అయిన పేజీయే అది, ఒక్క మాట అటూ ఇటూ కాలేదు.

తాత ఒళ్లో పడుకుని, చుట్ట వాసనలో నిద్ర ముంచుకొస్తుంటే విన్న మాటలు. అన్నేళ్లు వినీ వినీ తనవే అనుకుంది. పుస్తకాలు రాసినవాళ్ల పేర్లే రాయాలనుకుంది గానీ, తాత పేరు రాయాలని తట్టనే లేదు.

లోపలికి పోయి ఆ మాటలన్నీ మళ్లీ రాసి, కింద పేరు పెట్టింది: చెప్పినవారు ఐలయ్య, లింగాల ఘనపూర్. తెల్లారి పేజీలు నిండుగా ఉన్నాయి. వాకిట్లో తాత నోరు తెరిచి "ఊ... ఊ..." అంటున్నాడు. అమూల్య ఆయన పేరు కొట్టేసింది. మర్నాటికి తాత మంచం మీదినుంచే మళ్లీ మాటల్లో ఎడ్లను తోలుతున్నాడు.

శుక్రవారం తెల్ల పేజీలే ఇచ్చింది. "మాటలు ఇంటికాడున్నయ్ మేడం. అవి నేను తీసుకుంటే తాత కాడ ఇంకేం ఉండదు. డిగ్రీ ఆగితే ఆగనియ్యుండ్రి."

మేడం విసుక్కుంది. విసుక్కుంటూనే ఆదివారం స్కూటీ మీద వచ్చి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. గూడూరులో ఆమె పుట్టింటి మోటబావిని పూడ్చి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఆ సంగతి ఎత్తకుండా, పిల్లలను అడిగినట్టే అడిగింది. "బాపూ, ఇవన్ని మీకెవరు చెప్పిన్రు?"

ఐలయ్యను ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. వెతుక్కుని వెతుక్కుని అన్నాడు. "తాడు మీద కూసునుడు మా నాయిన ఎల్లయ్య నేర్పిండు. బొక్కెన కట్టుడు మా మేనమామ బక్కయ్య."

"ఆయన ఎవరికాడ తెచ్చుకున్నడో ఆయన చెప్పిండు. ఇంగ ఆ మాటలు ఆయన్ని ఇడిసి పోవు. నువ్వెవరికాడ తెచ్చుకున్నవో నువ్వు రాయి" అంది మేడం.

అమూల్య ఒక్కొక్క మాట కిందా తాత పేరు రాసింది. రాస్తున్నంతసేపూ తాత మాట్లాడుతూనే ఉన్నాడు. చివరికి ఒక్క వాక్యం మిగిలింది: బొక్కెన పైకొచ్చినంక ఎడ్లకు జరసేపు ఊపిరియ్యాలె, నీళ్లు యాడికి పోవు.

"ఇది ఎవరు చెప్పిన్రు, బాపూ?" అని మేడం అడిగింది.

"ఎవ్వలు చెప్పలే. గది నాదే."

అమూల్య పెన్ను మూసింది. "గది రాయను మేడం. దానెనక ఇంకెవరి పేరు లేదు, రాస్తే తాతను ఇడిసి పోతది."

"మార్కులు తగ్గిస్త మరి."

"తగ్గించుండ్రి."

ప్రాజెక్టు పాసైంది. తిరిగొచ్చిన కాగితాల్లో ఒక్క గీత ఖాళీగా ఉంది. దాని పక్కన రెండు మార్కులు తీసేసి, మేడం ఎర్ర సిరాతో రాసింది: ఇంటి దగ్గరుంది, నేను విన్నాను.