గడియ మీద చెయ్యి

మా వదిన సరోజినిని చర్చి సంఘం ప్రభువు బల్లకు దూరం పెట్టి అప్పటికి ఏడాది దాటింది. నెలలో మొదటి ఆదివారం రొట్టె పళ్లెం ఆమె దాకా వచ్చి, ఆమెను దాటి పక్కావిడ చేతికి పోయేది. తాగుబోతులకీ, అన్నదమ్ముల పొలం మింగినవాళ్లకీ అందే రొట్టె ఆమెకు అందేది కాదు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఆమె చేసిన పాపం కదలకపోవడం.

2004 వేసవిలో, పలాసలో మేం పనిచేసే జీడి ఫ్యాక్టరీలో గింజలు వేపే డ్రమ్ము అంటుకుంది. పప్పు ఒలిచే షెడ్డుకి ముందు వైపంతా మంటే. వెనక తలుపుకి బయట గడియ. ఆడవాళ్లు పప్పు పట్టుకుపోతారని యజమాని పెట్టించాడు. అప్పుడు వదిన బయట ఉంది. లోపల చిక్కుకుపోయిన పిల్ల జెన్నిఫర్ తలుపు బాదుతోంది. వదిన పరుగున వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది. అంతే, లాగలేదు. ఎవరో వచ్చి ఆమెను పక్కకు తోసి తలుపు తీసేసరికి పొగకి ఆ పిల్ల ప్రాణం పోయింది.

గడియ పెట్టించినవాడిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మందిరానికి రేకులు వేయించింది ఆయనే మరి.

ఆ తర్వాత జీడిగింజలు వేగే వాసన తగిలితే చాలు, వదిన కుడిచెయ్యి కొయ్యబారిపోయేది. పలాసలో ఆ వాసన రాని వీధేది? నేనే బస్సెక్కించి టెక్కలి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను.

"ప్రాణభయం వేస్తే మెదడు మనల్ని అడగదమ్మా" అన్నాడాయన. "ఆలోచించే భాగాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఒకరిని పరిగెత్తిస్తుంది, ఒకరిని నిలబెట్టేస్తుంది. ఈవిడ కావాలని ఆగలేదు. ఆ వాసన వస్తే మెదడు ఇంకా ఆ తలుపు దగ్గరే ఉన్నాననుకుంటోంది."

"అయితే నా తప్పు కాదంటన్నారా అమ్మీ?" అని వదిన బస్సులో దారంతా నన్ను అడుగుతూనే ఉంది.

డాక్టరు మాటను సంఘపెద్ద కృపావరం మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వాడు.

"మెదడుదేటుందమ్మా, మనసు సంగతి సూడాల. తప్పు ఒప్పుకుంటే బల్ల దగ్గిరికి రానిత్తాం. దీనమ్మ మనసు కుదుటపడొద్దేటి?"

దీనమ్మ జెన్నిఫర్ తల్లి. ఆమె మనసు గురించి అందరూ మాట్లాడారు గానీ ఆమెను అడిగినవాళ్లు లేరు. ఆమె చివరి బెంచీలో కూర్చుని, ప్రార్థన అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేది.

వదిన ఇక ఓర్చుకోలేకపోయింది.

"రొట్టె నేకుండా సచ్చిపోతే నానెక్కడికి పోతానమ్మీ? ఆళ్లకి కావల్సిన ముక్కేదో సెప్పీత్తాను."

వద్దని బతిమాలాను, తిట్టాను. వినలేదు.

ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి, మాస్టారు నేర్పిన మాటలే చెప్పింది. "కదలగలిగీ కదల్నేదు. నా పానమే సూసుకున్నాను. సెమించండి." అందరూ స్తోత్రం అన్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మళ్లీ తమలో కలుపుకున్నామని సహవాసపు కుడిచెయ్యి అందించారు. వదిన రొట్టె తిని ఏడ్చింది.

బయటికొస్తే గేటు దగ్గర దీనమ్మ నిలబడి ఉంది. వదిన చేతులు జోడించింది.

"తొంబైతొమ్మిది తుపానులో గోడ నా పెనిమిటి మీద పడతంటే నానూ అలగే నిలబడిపోనాను" అంది దీనమ్మ. "కాళ్లు రానేదు. నీకూ అలగే అయ్యుంటాదనుకున్నాను, ఎవులేటన్నా నాను నమ్మినేదు. ఈయేళ కాదని నువ్వే సెప్పినావు."

వదిన అక్కడే మెట్టు మీద కూలబడింది. నేను వెళ్లిపోతున్న దీనమ్మ వెనకాల పరిగెత్తాను.

"అది అబద్దం అత్తా. మాస్టారు సెప్పమంటే సెప్పింది."

ఆమె ఆగి నన్ను జాలిగా చూసింది.

"దేవుడి బల్ల ముందు ఎవులైనా అబద్దమాడతారేటి అమ్మీ?" అని, చెంగు తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది.