వంతెన మోసిన ముఖం

నేను ఒక స్కూటర్ అద్దాన్ని. కుడివైపు అద్దాన్ని. పుట్టింది హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో. అక్కడ రోజుకి రెండువందల మందిమి పుట్టేవాళ్ళం కాబట్టి పుట్టుకలో గొప్పేమీ లేదు. వెనక వచ్చేవాళ్ళని ముందుపోయేవాళ్ళకి చూపించడం మా పని. కానీ నన్ను కొనుక్కున్న చిట్టబ్బాయి గారు వెనక్కి ఎప్పుడూ చూడలేదు. నాలో ఆయన మీసమొక్కటే చూసుకునేవారు. ఒకరోజు కూడలి దగ్గర మీసం దువ్వుకుంటూ గేదెని గుద్దారు. గేదెకి ఏమీ కాలేదు. స్కూటరు పాతసామాన్ల కొట్టుకి పోయింది. పగలకుండా మిగిలింది నేనొక్కదాన్నే.

నన్ను ఆయన అన్నకూతురు నాగలత తీసుకుంది. మండపేట అమ్మాయి. కార్టూన్ బొమ్మలు తీసే స్టూడియోలో ఉద్యోగం. బొమ్మకి కోపం గీయాలంటే ముందు తను కోపంగా ముఖం పెట్టి, అద్దంలో చూసుకుని, కనుబొమ్మ ఎక్కడ విరిగిందో గుర్తుపెట్టుకుని గీస్తుంది. నన్ను బల్ల మీద కంప్యూటరు పక్కన తగిలించింది. మొదటివారం నాకు భయం వేసింది. పొద్దున్న పదిగంటలకల్లా వచ్చి నా ముందు పళ్ళు కొరికేది, కళ్ళు ఉరిమేది, పెద్దగా నవ్వేది. మనిషికి ఏదో అయిందనుకున్నాను. చుట్టూ చూస్తే అక్కడున్న పద్నాలుగుమందీ అంతే.

వాళ్ళు తీస్తున్నది ‘ఉక్కుపిడుగు’ అనే సూపర్‌హీరో సీరియల్. దర్శకుడు షేక్ మస్తాన్ గారు, నెల్లూరు మనిషి, అరవైకి దగ్గరపడినవాడు. ఆయన పద్ధతులు ఆయనవి. హీరో చుట్టూ బొగ్గులాంటి లావు గీత ఉండాలి. నీడలు కత్తితో కోసినట్టు ఉండాలి. దవడ మాత్రం పెట్టెలా ఉండాలి. హీరోకి ముఖాలు నాలుగే: కోపం, ఎక్కువ కోపం, నవ్వు, గాలిలో ఎగిరేటప్పటి గంభీరం. భయం లేదు.

కదలిక నిజంలా ఉండాలంటే సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలు కావాలి. వీళ్ళకి ఆరు గీసేంత తీరికే ఉండేది. అందువల్ల ఉక్కుపిడుగు ఎగిరితే మెట్లెక్కుతున్నట్టు ఉండేది. పదకొండో ఎపిసోడ్ దగ్గరికి వచ్చేసరికి మస్తాన్ గారికి ఒక ఆలోచన వచ్చింది. హీరో అసలు కదలకపోతే? నది మీద వంతెన కూలబోతుంది. ఉక్కుపిడుగు కింద నిలబడి భుజాలతో ఆపుతాడు. ఇరవైరెండు నిమిషాలూ అలాగే నిలబడతాడు. పైన బస్సులో జనం కిటికీ సీటు కోసం పోట్లాడుకుంటారు. కింద ఒక ముసలమ్మ బట్టలుతుక్కోడానికి వచ్చి, అడ్డుగా ఉన్నావు, పక్కకి జరగమంటుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నాగలత కొట్టలేదు.

"ఇరవైరెండు నిమిషాలూ ఒకే ముఖం అయితే ఎవరు చూస్తారండీ? అంత బరువు మోసేవోడికి నొప్పి ఉండదా? భయం వెయ్యదా?" అంది.

"భయమేస్తే ఇంక సూపర్‌హీరో ఏందమ్మా? మనలాంటోడే అయిపోతాడు గదా!" అన్నారు మస్తాన్ గారు.

"అయితే ఏంటండీ?"

ఆయన పెన్సిల్ తీసి హీరో దవడని ఇంకాస్త పెట్టెలా దిద్దారు. ఛానల్ నుంచి పూర్ణిమ అనే మేడమ్ ఆ వారమే హెచ్చరించింది. ఈ ఎపిసోడ్ కూడా నచ్చకపోతే సీరియల్ ఆపేస్తామంది. ఆగితే స్టూడియో మూతపడుతుంది, ఈ పద్నాలుగుమంది ముఖాలూ వీధిన పడతాయి.

హీరో ముఖం తప్ప మిగతా ఎపిసోడ్ అంతా అయ్యాక, ఒక మధ్యాహ్నం నాగలత నాలో చూసుకుంటూ నొప్పి కోసం ప్రయత్నించింది. పంటినొప్పి వచ్చింది గానీ వంతెన రాలేదు. అది చూసి మస్తాన్ గారికి రోషం వచ్చింది. "బరువంటే ఎట్టుంటాదో నేను చూపిస్తా" అని, పాత బొమ్మల కాగితాలు కుక్కిన ఇనప బీరువా అంచు కింద చేతులు పెట్టి ఒకపక్కకి లేపారు. ఆయన ముఖం గోడవైపు ఉంది. అందుకని నాగలత నన్ను ఊడదీసి గోడకున్న మేకుకి తగిలించి, నాలో ఆయన్ని చూస్తూ గీయడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆయన కాలికి ఒక తీగ తగులుకుంది. ఆ తీగ చివర, బల్ల మీద ఉన్న హార్డ్ డిస్క్ కిందపడి జారి బీరువా కాళ్ళ కిందికి పోయింది. ఎపిసోడ్ మొత్తం అందులోనే ఉంది. ఇంకో నకలు లేదు. ఇప్పుడు ఆయన బీరువా దించితే డిస్కు అప్పడమవుతుంది. మిగతావాళ్ళు భోజనానికి పోయారు.

ఆ ముఖం నేను చూశాను. దవడ పెట్టె కరిగిపోయింది. నుదుటి మీద నరం లేచింది. కింది పెదవి వణికింది.

"లతా... డిస్కు..."

"తీస్తానండీ. ఒక్క నిమిషం కదలకండి. పెదవి వస్తోంది."

"తియ్ తల్లీ..."

"ఈ ముడతొక్కటీ అండీ!"

అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. నాగలత ఎడమచేత్తో దాన్ని బయటికి లాగి స్పీకర్ నొక్కింది, కుడిచెయ్యి గీస్తూనే ఉంది. పూర్ణిమ మేడమ్.

"మస్తాన్ గారూ, మీరు పంపిన కథ చదివాం. సారీ అండీ, ఈ ఎపిసోడ్ ఆపేద్దామనుకుంటున్నాం. ఊరికే నిలబడే హీరోని ఎవరు చూస్తారు?"

"వద్దమ్మా..." అన్నారాయన పళ్ళ సందుల్లోంచి. "నేను వదిలితే... కింద అంతా నుజ్జయిపోద్ది... చేతులు వణకతా ఉండాయి... భయంగా ఉండాది... అయినా వదల్ను..."

 అటువైపు ముక్కు చీదిన శబ్దం వచ్చింది.

"ఇది డైలాగా? హీరోకి భయమా? ఇంతకాలం ఎందుకు దాచారండీ దీన్ని? ఇదే తియ్యండి. ఆ గొంతు ఎవరిదో, అతన్నే పెట్టండి."

ఫోను పెట్టేసింది. నాగలత అప్పుడు స్కేలుతో డిస్కు లాగింది. బీరువా నేలకి దిగింది, దానితోపాటు మస్తాన్ గారూ దిగారు. కాసేపటికి లేచి నాగలత గీసిన బొమ్మ చూశారు. తిడతారనుకున్నాను. ఆయన తన పెదవి ముట్టుకుని చూసుకుని, "ఇంత భయపడ్డానా నేను?" అన్నారు.

"బాగా అండీ. అయినా దించలేదు కదా."

ఎపిసోడ్‌లో ఆ ఒక్క ముఖానికే నాగలత నాలుగొందల బొమ్మలు గీసింది. ఒళ్ళంతా రాయిలా కదలదు, పెదవి మాత్రం వణుకుతూనే ఉంటుంది. గొంతు రికార్డింగుకి వెళ్తే మస్తాన్ గారికి ఆ మూలుగు ఎంతకీ రాలేదు. చివరికి బీరువాని ఆటో ట్రాలీలో రికార్డింగ్ థియేటర్‌కి తీసుకెళ్ళారు. ఆయన నడుము అప్పుడే పోయింది.

ప్రసారమైన వారానికి ఉత్తరాలు మొదలయ్యాయి. పిల్లలు ఇళ్ళలో మంచాలు మోస్తున్నారని తల్లులు తిట్టారు. ఒకరు నడుముకి రాసుకునే మందు పార్సెల్ చేశారు. ఉక్కుపిడుగుకి ఎవరైనా మంచినీళ్ళు ఇచ్చారా అని వందమంది అడిగారు. తర్వాత ఎపిసోడ్‌లో ముసలమ్మ చేత చెంబుతో ఇప్పించాల్సి వచ్చింది.

సీరియల్ ఇరవయ్యారు ఎపిసోడ్‌లు నడిచి మర్యాదగా ముగిసింది. నాగలతకి బెంగళూరులో పెద్ద స్టూడియోలో పని దొరికింది. వెళ్ళేముందు నన్ను మస్తాన్ గారి చేతిలో పెట్టి, "మీ ముఖం ఇందులో ఉందండీ" అంది. ఆయన నన్ను తన మోపెడ్‌కి బిగించుకున్నారు.

మొన్న సాయంత్రం ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగాం. వెనక ఆటోలో అమ్మ పక్కన ఆరేళ్ళ పాప. నాలో ఆయన ముఖం చూసి ముందుకి వంగింది.

"అమ్మా, ఉక్కుపిడుగు!"

"కాదే, ఎవరో తాత" అంది తల్లి.

ఆటో ఎక్కబోయేది ఆ ఫ్లైఓవరే. పాప పైన కాంక్రీటుని చూసి, మళ్ళీ నన్ను చూసింది. అమ్మ చెయ్యి పట్టుకుంది. "తాతా, గట్టిగా పట్టుకున్నవా?"

మస్తాన్ గారు వెనక్కి తిరగలేదు. నాలోంచే ఆ పాపని చూశారు. హ్యాండిల్ మీద నుంచి కుడిచెయ్యి తీసి, నడుము నొప్పితో ముఖం చిట్లించి, అరచేతిని పైకెత్తి పట్టారు. కింది పెదవి వణికింది.

"పట్టుకోని ఉండా తల్లీ. మీరు పోండి."

పచ్చలైటు పడింది. ఆటో మా పక్కనుంచి మలుపు తిరిగి ఫ్లైఓవర్ ఎక్కింది. వెనకున్న బళ్ళన్నీ హారన్ కొట్టాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది పెద్దాయనా, నడిరోడ్డు మీద చెయ్యి లేపుకోని? దించు, కదులు!"

"ఒక్క నిమిషం సార్" అన్నారు మస్తాన్ గారు, పళ్ళ బిగువున. "ఆ ఆటో దాటనీయండి."