మెత్తటి నేల

నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ అన్నారు: "ఏమోయ్, ఆ వంతెన గొడవ మళ్లీ మొదలైంది. ఈసారి సభా కమిటీ ముందుకెళ్లింది. మధ్యాహ్నం మూడింటికి విచారణ. పోయినసారి రాసిన జవాబునే కాస్త అటూ ఇటూ మార్చి ఫైల్లో పెట్టు."

మా ఆయన ప్రజాపనుల శాఖ మంత్రి. మంత్రయి ఆరేళ్లు, సభలో అడుగుపెట్టి పాతికేళ్లు. నెలాఖరున పెద్ద సన్మానం కూడా ఉంది. కాగితం చూడకుండా గడగడా చెప్పగల మంత్రి అని పత్రికలు రాస్తాయి. ఆయన కాగితం చూడని మాట నిజమే. చూడనవసరం లేకుండా ఆ కాగితాన్ని పొద్దున్నే మూడుసార్లు చదివి వినిపించేది నేను. శాఖలో రాసేవాళ్లు లేక కాదు. వాళ్లు రాసింది చదివితే స్పీకరుకే నిద్రొస్తుందని ఆయన గోల. అందుకని వాళ్లు పంపింది నా వంటింటి బల్ల మీదికి వస్తుంది. ఒక పక్క పప్పు ఉడుకుతుంటే, ఇంకో పక్క ఏ రోడ్డు ఎందుకు ఆగిందో, ఏ కాలవ గట్టు ఎందుకు తెగిందో మనిషి భాషలోకి మారుస్తాను. పునాది లోతు తప్పు వేస్తే దిద్దుతాను. ఎందుకంటే ఆయన సభకి గెలవకముందు నేనూ ఆ శాఖలోనే ఇంజనీర్ని. నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలు పెట్టె భుజాన వేసుకుని తిరిగేదాన్నని కూలీలు నన్ను 'లెవెలమ్మ' అనేవాళ్లు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం.

ఆయన మొదటిసారి గెలిచిన వారానికే మా అత్తగారు తేల్చేశారు. "మగాడు సభలో కూర్చుంటే పెళ్లాం బురదలో నిలబడుతుందా? నలుగురూ ఏమనుకుంటారు?" ఆయన మాత్రం నా చెయ్యి పట్టుకుని, "నీ చదువు ఎక్కడికి పోతుందోయ్, నాకు పనికొస్తుందిగా," అన్నారు. అది ప్రేమ అనుకున్నాను. రాజీనామా కాగితం నేనే రాశాను, అక్షరం తప్పు లేకుండా. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆయన వేసే జోకు ఒకటుంది. "మా ఆవిడకి వంటిల్లే రాజధాని. సిమెంటుకీ గోధుమపిండికీ తేడా అడిగితే రుచి చూసి చెబుతుంది." అందరూ నవ్వుతారు. టీ పళ్లెం పట్టుకుని నేనూ నవ్వుతాను. పాతికేళ్లలో ఒక్కసారి కూడా నవ్వడం మర్చిపోలేదు.

ఆ వంతెన సంగతి చెప్పాలి. ఏటికి ఇవతల ఒక పేట, అవతల బట్టల మిల్లు. పేట ఆడవాళ్లు రోజూ పొద్దున్నే ఏరు దాటి పనికెళతారు. నడుం లోతు నీళ్లు. పొడిబట్టలు మూటకట్టి నెత్తిన పెట్టుకుంటారు. అవతలి గట్టెక్కాక ఒకరికొకరు దుప్పటి అడ్డం పట్టుకుని మార్చుకుంటారు. సరిగ్గా ఆ వేళకే గట్టు మీది టీ కొట్టు మగాళ్లతో నిండిపోతుంది. అక్కడ నడక వంతెన వెయ్యొచ్చో లేదో చూడమని శాఖ నన్ను పంపింది. నేనూ వాళ్లలాగే తడిసి గట్టెక్కాను. అటు చూసి, ఏం చెయ్యాలో తోచక నిలబడిపోతే, నాతో కొలత గొలుసు లాగడానికి వచ్చిన పేట ఆవిడ దుప్పటి విప్పింది. మేమంతా ఆమెని గొలుసక్క అనేవాళ్లం. "మార్చుకోండి లెవెలమ్మా, నేను అడ్డం ఉంటా. వాళ్లకేం, కళ్లున్నాయి గానీ సిగ్గు లేదు," అంది. పదిరోజులు బోరు వేసి చూశాం. పన్నెండడుగుల లోతులో గట్టి రాయి తగిలింది. ఆరోజు గొలుసక్క గంతులేసింది. 'నేల గట్టిది, వంతెనకు అనువైనది' అని నివేదిక రాసి సంతకం పెట్టాను.

ఆ నివేదిక ఇరవై ఏళ్లు దుమ్ములో పడి ఉండి, చివరికి వంతెన మంజూరైంది. రెండేళ్ల క్రితం ఆయన ఆ నిధులు తీసి ఊరి నడిబొడ్డున కట్టే సమావేశ మందిరంలో కలిపేశారు. అప్పుడు ప్రతిపక్షంలో ఒకావిడ లేచి, వంతెన ఏమైందని సభలో అడిగింది. "మీ ఇంజనీర్ల భాషలో గట్టిగా ఒక ముక్క రాయి, మళ్లీ నోరెత్తకూడదు," అన్నారు ఆయన. "అక్కడ నేల గట్టిదండీ, నేనే కొలిచాను," అన్నాను. "పెళ్లికాకముందు సంగతులు ఇప్పుడెందుకు? ఇన్నేళ్లలో నేల మారదా ఏంటి? నువ్వు మారలా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే రాశాను: 'ఆ స్థలంలో నేల మెత్తనిది. అక్కడ వంతెన కడితే పేట ఆడపడుచుల ప్రాణాలతో చెలగాటమాడినట్టే.' మర్నాడు టీవీలో ఆయన ఆ మాట అంటుంటే సభ్యులు బల్లలు చరిచారు. అడిగినావిడ కూర్చుండిపోయింది. ఇప్పుడు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు గానీ, ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు. వాక్యం బాగా కుదిరింది అనుకున్నాను.

సిగ్గు వచ్చింది పోయిన శుక్రవారం. అర్జీలు పట్టుకుని జనం వచ్చే రోజది. ముందుగదిలో ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను టీ తీసుకుని వెళ్లాను. అందులో జుట్టు నెరిసినావిడ లేచి నిలబడి, "లెవెలమ్మా!" అంది. నన్ను ఆ పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో.

"ఎవరీవిడ?" అన్నారు ఆయన.

"నేనూ అమ్మా కలిసే ఆ ఏరు కొలిచాం సార్. రాయి తగిలింది. నా చేత్తో ముట్టుకున్నా. సభలో ఎవరో మీకు తప్పు రాసిచ్చారు సార్, మిమ్మల్ని మోసం చేశారు. అమ్మ పక్కనే ఉంది కదా, అడగండి. చెప్పండమ్మా!"

ఆయన నా వైపు చూసి చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

"ఎప్పటి మాటో. నాకేం గుర్తులేదు," అన్నాను. "టీ తీసుకోండి, చల్లారిపోతుంది."

గొలుసక్క నన్ను ఒక్క క్షణం చూసింది. కోప్పడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె తన వాళ్ల వైపు తిరిగి, "అమ్మకి గుర్తులేదంట. ఇంత ఇల్లు ఒక్కతే చూసుకోవాలి, ఎన్నని గుర్తుపెట్టుకుంటుంది పాపం," అంది. నేను నిలువునా బట్టల్లేకుండా నిలబడి ఉంటే, నాకోసం మళ్లీ అడ్డం నిలబడింది. టీ తాగి, గ్లాసులన్నీ తనే పళ్లెంలో సర్ది నా చేతికిచ్చింది.

గేటు దాకా వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. అక్కడ గొంతు తగ్గించి చెప్పింది. "మా చిన్నది కూడా ఇప్పుడు ఆ మిల్లుకే పోతోందమ్మా. పోయిన నెల దుప్పటి జారితే ఎవడో ఫోనులో ఫోటో తీశాడు. పేటంతా తిరిగింది. అప్పట్నుంచి పనికి పోదు, గడప దాటదు, నాతో కూడా మాట్లాడదు. అందుకే వచ్చాం. లేకపోతే మిమ్మల్ని ఇబ్బంది పెడతానా?"

"అక్కా..." అన్నాను. గేటు గడియ తీసి పట్టుకున్నాను. సభకి ఎన్ని జవాబులు రాశానో!

వాళ్లు వెళ్లాక ఆయన భుజం తట్టారు. "భలే తప్పించావోయ్. నువ్వు ఇంట్లో ఉన్నంతకాలం నాకు సభలో భయం లేదు." పాతికేళ్లుగా ఆయన నన్ను మెచ్చుకున్నది చాలా తక్కువ. ఏదో ఒకరోజు మనస్ఫూర్తిగా మెచ్చుకుంటారని ఎదురుచూసిన మెప్పు అదే. ఆ రాత్రీ ఆ తర్వాతి రోజులూ ఆయన్ని తిట్టుకుందామని చూశాను. ఆయన అబద్ధం చెప్పమన్నారు, నిజమే. కానీ అబద్ధంలో 'ఆడపడుచుల ప్రాణాలు' అన్న మాట పెట్టమని ఎవరూ అనలేదు. అది నా సొంత తెలివి.

ఈ పొద్దున ఆయన చొక్కా వేసుకుంటూ మరో మాట కూడా అన్నారు. "పాత నివేదిక శాఖలో కనపడటం లేదట. పీడా పోయింది." కారు వెళ్లిపోయింది. నేను ఇస్త్రీపెట్టె తీగ చుట్టి, అటక మీది రేకు పెట్టె దించాను. డిగ్రీ కాగితాల కింద నివేదిక నకలు ఉంది. చివరి పేజీలో ఇరవై ఆరేళ్ల పిల్ల సంతకం, కిందుగా రెండుసార్లు గీత గీసి మరీ. అంత ధీమా.

బస్సెక్కి వెళ్లాను. సభ గేటు దగ్గర కాపలా అతను గుర్తుపట్టి, "అమ్మగారూ, కుటుంబ సభ్యులు పైన గ్యాలరీలో కూర్చోవాలి," అన్నాడు. కమిటీ గది ఎక్కడని అడిగాను. అయ్యగారికి ఏదో ఇవ్వడానికి వచ్చాననుకుని తనే దారి చూపించాడు.

పొడుగాటి బల్ల. ఆ చివర అధ్యక్షుడు, పక్కన ప్రశ్న అడిగిన ఆ సభ్యురాలు. ఇటు పక్క ఆయన. నన్ను చూసి కంగారుపడలేదు. "కళ్లజోడు మర్చిపోయాను కదూ," అని నవ్వుతూ చెయ్యి చాపారు. నేను ఆ చెయ్యి దాటి వెళ్లి, నివేదిక తీసి అధ్యక్షుడి ముందు పెట్టాను.

"ఆ ఏటి దగ్గర నేల కొలిచిన ఇంజనీర్ని నేనే," అన్నాను. "నేల గట్టిదని ఇందులో రాసింది నేను. మెత్తనిదని మంత్రిగారు సభలో చదివిన జవాబు రాసిందీ నేనే. ఇది నిజం. అది అబద్ధం."

"ఏమిటిది, ఇంటికి పద," అన్నారు ఆయన మెల్లగా. ఆ చెయ్యి ఇంకా చాపే ఉంది.

మాటలు రాసుకుంటున్న గుమస్తా కలం ఆపి, ఇబ్బందిగా నా వైపు చూశాడు. "అమ్మా, 'అబద్ధం' అనే రాయమంటారా?"

"రాయండి," అన్నాను. "తెలిసే రాశానని కూడా రాయండి."