సంచి విప్పం

దగ్గి దగ్గి సారవ్వ మోకాళ్ల మీద కూలబడింది. ఆమె చేతిలోని సంచి జారి పిగిలింది. పిండికన్నా సన్నని తెల్లపొడి షెడ్డంతా పొగలా లేచింది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు, సారవ్వను లేపడానికి కాదు, సంచి చూడడానికి.

"సరుకంత ఆగం జేస్తివి గదనే!" అని అరిచి, ఆమెను మోయించి గేటు బయట కూర్చోబెట్టించాడు.

జమున కళ్లారా చూసింది. తానూ అదే తొట్టిలో అదే పొడి కలిపే మనిషి.

సకల జనుల సమ్మె ముగిసిన చలికాలం అది. గోదావరిఖని శివార్లలో ఓ గుత్తేదారు షెడ్డు పెట్టాడు. ఇనుప పైపులు తుప్పు పట్టకుండా పూసే రంగులో కొత్తగా నానో పొడి కలపాలి. సంచి కోసి గుమ్మరించడం ఆడవాళ్ల పని. ముక్కుకు కొంగే అడ్డం.

సాయంత్రం తోటి కూలీలందరూ సారవ్వ ఇంటికి చేరారు. ఆమె గోడకానుకుని, ఊపిరి అందక పెనుగులాడుతోంది.

"టీబీ అన్నడు గుత్తేదారు. మొన్ననే దవాఖానల పరీక్ష జేసి లేదన్నరు," అంది ఐలవ్వ.

"పొడి తోనే అయిందని మనకేం ఎరుక? పని పోతే ఎట్ల బతుకుతం?" అంది సారలమ్మ.

జమున తమ వాడలోని అల్మాస్‌ను వెంటబెట్టుకొచ్చింది. మెకానిక్ సర్వర్ సాయబు బిడ్డ, కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది.

"అక్కా, నేను అబద్ధం చెప్ప," అంది అల్మాస్. "సారవ్వకు దీంతోనే అయిందో లేదో నాకు తెల్వదు. గీ పొడి మస్తు చిన్నది, ఊపిరితిత్తుల అడుగుదాంక పోతది. పోయినంక ఏం జేస్తదో ఇంకా పూర్తిగ తేలలె. అందుకే మూసిన మిషన్ల కలపాలె. గాలి గుంజే పంకా ఉండాలె, సరైన మాస్కులియ్యాలె. కొంగు దీన్ని ఆపదు."

"తేలలేదా?" జమున గొంతు లేచింది. "అయితే మా పానాల మీద తేల్చుకుంటరా? తొట్టికి మిషన్ బిగించ వచ్చినోళ్లు సంచి విప్పి చూపెట్టిననాడు మొఖమంత మూసుకున్నరు. వాళ్లకొక ఊపిరి, మనకొక ఊపిరా?"

సారలమ్మే సారవ్వ వీపు నిమురుతూ అంది: "రేపు నేనైతే సంచి కొయ్య."

తెల్లారి ఎవరూ కత్తి ముట్టలేదు. గుత్తేదారు జీపు దిగి నేరుగా జమున ముందుకొచ్చాడు. ఇంతకుముందెన్నడూ ఆమె అతనితో మాట్లాడలేదు.

"దీంతోని రోగమొస్తదని రుజువేది?"

"రాదని నీ దగ్గర రుజువున్నదా సారూ? ఉంటే నువ్వే విప్పు. మేం సూస్తం."

గుత్తేదారు సంచుల వైపు చూసి, గొంతు తగ్గించాడు. "సరే, నీకూ నీ పక్కనున్న నలుగురికీ మాస్కులు తెప్పిస్త. మిగిలినోళ్లను పనిలకు పంపు."

జమున వెనక్కి తిరిగింది. అందరూ తననే చూస్తున్నారు. ఆ చూపుల్లో అనుమానం ఉంది. అది ఆమెను గుత్తేదారు మాటకన్నా ఎక్కువ కలవరపెట్టింది.

"అందరికి ఇయ్యాలె," అంది గట్టిగా. "మిషన్ మూసేదాంక, పంకా పెట్టేదాంక సంచి విప్పం. సారవ్వ దవాఖాన ఖర్చు నువ్వే భరించాలె."

"విప్పం!" అన్నారు వెనక ఆడవాళ్లు.

గుత్తేదారు ఒప్పుకోకపోవడంతో మర్నాడు గేటు ముందు బైఠాయించారు. గుత్తేదారు నస్పూర్ నుంచి వ్యాన్ నిండా కొత్త కూలీలను దించాడు. వెనకే పోలీసు జీపు వచ్చింది. బైఠాయించిన ఆడవాళ్లలో కొందరు రాళ్లు అందుకోవడానికి వంగారు.

"వద్దు!" జమున అడ్డం నిలబడింది. "వాళ్లు గూడ మనలెక్కనే కడుపుకోసం వచ్చిండ్రు." వ్యాన్ వైపు తిరిగి అరిచింది: "అక్కా! ఆ పొడి ముట్టకుండ్రి! గాలితోనే లోపటికి పోతది!"

అంతలో పోలీసులు ఆమె రెక్క పట్టి జీపు ఎక్కించారు.

"ఆ పిల్ల ఏం తప్పు జేసింది?" అడిగింది వ్యాన్‌లోంచి దిగిన ముసలామె.

"సంచి విప్పనన్నది," అంది ఐలవ్వ.

ముసలామె షెడ్డు కేసి చూసింది. గేటు తెరిచే ఉంది. సూపర్‌వైజర్ రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఆమె సద్దిగిన్నె కింద పెట్టి, ఐలవ్వ పక్కన మట్టిలో కూర్చుంది. ఆమె వెంట ఇంకొకరు, ఇంకొకరు.

జీపు కదిలింది. జమునకు మలుపు తిరిగేదాకా 'సంచి విప్పం' అన్న నినాదం వినబడుతూనే ఉంది. అందులో ఆమెకు తెలియని గొంతులు చాలా ఉన్నాయి.