మా కళ్ళన్నీ ఐనార్ మీదే

ధబ్బుమని చప్పుడైంది. మేమందరం ఐనార్ దగ్గరికి పరిగెత్తాం. ఐనార్ నిలబడే ఉన్నాడు.

ఉండండి, మొదటినుంచీ చెప్తాను. అమెరికా ఉత్తరాన మా డులూత్‌లో జనవరి వచ్చిందంటే మంచు గడ్డకట్టి రోడ్లన్నీ అద్దాలే. ముసలివాళ్ళు బయట నడిస్తే తుంటి విరగడం ఖాయం. అందుకని పొద్దున్న ఏడింటికి, దుకాణాలు ఇంకా తెరవకముందే, కొండమీది మాల్‌లోకి నడవడానికి మమ్మల్ని రానిస్తారు. చెప్పుల కొట్టు దగ్గర మొదలుపెట్టి చివరిదాకా వెళ్ళి వస్తే ఒక రౌండు. రోజుకు ఆరు రౌండ్లు. ఆ తర్వాత కాఫీ, కబుర్లు. మా ఆయన పోయిన ఏడాది మొదలుపెట్టాను, పదకొండేళ్ళయింది. నాకిప్పుడు డెబ్భై ఎనిమిది.

ఐనార్‌కి ఆరేళ్ళ కిందట గుండె ఆపరేషన్ అయింది. రేవులో ఓడలకి ఇనుప ఖనిజం ఎత్తిన మనిషి, భుజాలు ద్వారబంధానికి ఒరుసుకునేవి. ఆసుపత్రి నుంచి మాత్రం పిల్లిలా ఇంటికొచ్చాడు. ఆ రోజునుంచీ ఆయన భార్య సిగ్నె ఆయన్ని మంచుపార ముట్టనిస్తే ఒట్టు. పాలడబ్బా కూడా మోయనివ్వదు. మాల్‌లో ఆయన కోటు వెనక అంచు పట్టుకుని నడిచేది. రౌండుకోసారి ఆపి నాడి చూసేది.

"తొంభై ఆరు. కాస్త మెల్లగా, ఐనార్!"

"ఇంతకంటే మెల్లగా అంటే నిలబడటమేనే!"

"అయితే నిలబడు."

"చూశావా టిల్డా, నన్ను కుక్కని తోలినట్టు తోలుతోంది" అని నాతో మొరపెట్టుకునేవాడు.

"కుక్కయితే చెప్పినమాట వింటుంది" అనేది సిగ్నె.

మేమూ తక్కువ తినలేదు. మంగలి హార్లన్ దగ్గరనుంచి నా దాకా ప్రతివాళ్ళ జేబులో ఐనార్ కోసం ఒక ఆస్పిరిన్ మాత్ర ఉండేది. చర్చిలో కేకులు, కుకీలు అమ్మి, గుండె ఆగినవాళ్ళకి షాక్ ఇచ్చే పెట్టె ఒకటి కొని చెప్పుల కొట్టు పక్క గోడకి తగిలించాం. దాని పేరే ఐనార్ పెట్టె. అది ఇంకెవరికైనా పనికొస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

శనివారం క్లబ్బులో మాంసం బహుమతిగా పెట్టి లాటరీ వేస్తారు. ఐనార్‌కి అదృష్టం ఎక్కువ, వారం వారం బేకన్, ఆ ఉప్పేసిన కొవ్వు పందిమాంసం, గెలుచుకొచ్చేవాడు. డాక్టర్ ఆయనకి వద్దన్నాడు కదా! పారేయడానికి సిగ్నెకి చెయ్యి రాదు. ఆయనకి ఉప్పులేని చేప ఉడకబెట్టి పెట్టి, తాను పొయ్యి దగ్గర నిలబడే ఆ బేకనంతా తినేసేది, ఆయన కంట పడకుండా. నడక మాటా అంతే. ఆరేళ్ళలో ఒక్కరోజైనా తన అడుగు తాను వేసిందా? అది నడక కాదు, కాపలా.

క్రిస్మస్ అయిన వారం సిగ్నె మూడో రౌండులోనే బెంచీ మీద కూలబడింది.

"దవడ లాగేస్తోంది టిల్డా. పళ్ళ డాక్టర్‌ని అడిగితే పంట్లో ఏమీ లేదన్నాడు. వీపులో ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. పక్క దులిపితే చాలు, ఆయాసం."

"గ్యాసే. అల్లం టీ తాగు" అన్నాను. "మన వయసులో ఇవన్నీ మామూలే."

నేనే అన్నాను. ఈ నోటితోనే. గుండెపోటంటే మగవాడు ఛాతీ పట్టుకుని పడిపోవడమని నా బుర్రలో అచ్చుపడి ఉంది.

మూడు వారాలు గడిచాయి. మంగళవారం. నాలుగో రౌండు. నేను వాళ్ళకి పది అడుగులు ముందున్నాను. ఆ చప్పుడు విని వెనక్కి తిరిగేసరికి హార్లన్ అప్పటికే ఐనార్ చెయ్యి పట్టుకున్నాడు. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను. ఇద్దరం ఆయన్ని లాక్కెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాం. మాతో నడిచే క్లారిస్ పెట్టె తేవడానికి పరిగెత్తింది.

"ఊపిరి తీసుకో ఐనార్! మాత్ర మింగు!"

"నాకేం కాలేదర్రా! వదలండి నన్ను! సిగ్నె ఏది?"

అప్పుడు చూశాం. మా వెనకే, చలవరాతి నేలమీద, ఒక పక్కకి ఒరిగి పడి ఉంది. ముఖం బూడిదరంగు. కోటు అంచు ఇంకా పట్టుకున్నట్టే కుడిచేతి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

హార్లన్ ఫోనులో అరుస్తున్నాడు. "మాల్‌కి రండి, ఐనార్ పడిపోయాడు... కాదు కాదు, ఐనార్ పెళ్ళాం!"

క్లారిస్ పెట్టె తెరిచింది. అది మాట్లాడే పెట్టె. "ఛాతీ మీది బట్టలు తీసేయండి" అంది.

మా మగవాళ్ళు మర్యాదస్తులు. ఐదుగురూ కోట్లు విప్పి, తెరలా పట్టుకుని, అటు తిరిగి నిలబడ్డారు. ఒక్కడూ ముట్టుకోలేదు, ఒక్కడూ చూడలేదు. పెళ్ళికూతురు బట్టలు మార్చుకుంటోందా అన్నట్టు నిలబడ్డారు!

"ఛాతీ మీది బట్టలు తీసేయండి" అని మళ్ళీ అంది పెట్టె.

పెట్టెలో కత్తెర ఉంది. అది నా చేతిలోకి వచ్చింది. సిగ్నె ఒంటిమీద ఊదారంగు స్వెట్టరు. గొంతుదాకా మూసి ఉండే అల్లిక, గుండెల మీద తెల్ల దుప్పుల బొమ్మల వరస. అది అల్లింది నేనే. మూడు నెలలు పట్టింది. ఇంక చూడండి నేను చేసిన పని. కత్తెర పక్కన పెట్టి, స్వెట్టరు చెడకుండా తలమీదుగా లాగబోయాను. ఊపిరాడని మనిషి ఒంటిమీదనుంచి నా అల్లిక కాపాడుకుంటున్నాను! ఎంతసేపు లాగానో దేవుడికే తెలియాలి. మెడ దగ్గర ఇరుక్కుపోయింది.

"లే అవతలకి!"

ఐనార్. మోకాళ్ళమీద పడి, కత్తెర లాక్కుని, మెడనుంచి కిందికి ఒక్క కోత కోశాడు. దుప్పులు రెండుగా చీలిపోయాయి. లోపలి బట్టా కోసేశాడు. పెట్టెమీది బొమ్మ చూసి రెండు పట్టీలు అంటించాడు. "ఎవరూ తాకకండి" అంది పెట్టె. ఆయన మీట నొక్కాడు. సిగ్నె ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడింది. నేను కెవ్వున అరిచాను.

"ఇప్పుడు ఛాతీ నొక్కండి" అంది పెట్టె.

ఐనార్ రెండు చేతులూ కలిపి నొక్కడం మొదలుపెట్టాడు. పాలడబ్బా మోయనివ్వని ఆ చేతులతో! కోట్ల తెర పట్టినవాళ్ళనుంచి ఒకటే అరుపులు.

"ఐనార్, ఆపు! నీ గుండె ఆగిపోతుంది!"

"నా గుండె సంగతి ఆరేళ్ళుగా చూశారుగా అందరూ! దీని గుండె సంగతి ఎవడు చూశాడు?"

ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమంది, ఆమె పక్కటెముక. ఆయన ఆపలేదు. చెమట ఆమెమీద కారుతోంది. అంబులెన్సువాళ్ళు వచ్చేదాకా అలా నొక్కుతూనే ఉన్నాడు. వాళ్ళొచ్చి ఎవరు పేషెంటని అడిగితే, హార్లన్ వేలు మళ్ళీ ఐనార్ వైపే లేచింది. పాపం, తన వేలిని తానే కిందికి లాక్కున్నాడు.

ఆసుపత్రిలో మా మనవరాలి వయసు డాక్టరమ్మ ఐనార్‌ని కూడా పరీక్ష చేసింది. రోజూ నడిచిన గుండె కదా, ఢోకా లేదంది. సిగ్నెకి మాత్రం రెండు నాళాలు పూర్తిగా పూడిపోయాయట.

"చివరిసారి గుండె పరీక్ష ఎప్పుడు చేయించారు?"

"మార్చిలో" అన్నాడు ఐనార్ టక్కున.

"మీకు కాదండీ. ఆవిడకి."

ఆయనకి తన పరీక్షల తారీఖులన్నీ నోటికి వచ్చు, అన్నిటికీ కారు నడిపింది సిగ్నే. ఆమెకి ఒక్క తారీఖూ లేదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. దవడనొప్పి సంగతి నాకొక్కదానికే తెలుసు.

నాలుగోరోజుకి సిగ్నె కళ్ళు తెరిచి మాట్లాడింది. నేను అక్కడే మంచం పక్కన అంతా కక్కేశాను. అల్లం టీ, కత్తెర, స్వెట్టరు, తలమీదుగా లాగడం, అన్నీ.

సిగ్నె తల నావైపు తిప్పింది.

"ఆ వెధవలు ఐదుగురూ నిజంగానే అటు తిరిగారా?"

"ఒట్టు. ఒక్కడూ తొంగిచూడలేదు."

"డెబ్భై నాలుగేళ్ళకి ఒక్కసారి చూపించే అవకాశమొస్తే!" అని నవ్వబోయి, ఎముక గుచ్చుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపయ్యాక నా చెయ్యి నొక్కింది. "ఇంకోటి అల్లు టిల్డా. ఈసారి ముందుభాగం కలిపి మూసెయ్యకు. గుండీలు పెట్టు."

అల్లుతున్నాను. నాకు గుండె పరీక్ష గురువారం ఉంది, పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిది. ఐనార్ తీసుకెళ్తానన్నాడు. గుండీలు ఐదు కుట్టాలి. మూడోది గుండెమీదికి వచ్చింది, దాన్ని మాత్రం ఒక్క లాగుకి ఊడొచ్చేలా వదులుగా కుడుతున్నాను.