కూడికమ్మ సంతకం

"ఈసారి మా పంపుల కంపెనీని కాస్త చల్లగా చూడు" అన్నాడు భర్త.

ఆమె అప్పుడు అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. అతను అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు.

"లెక్కల్లో చల్లగా చూడటం ఉండదండీ. ఉన్నది ఉన్నట్టు కూడటమే."

"అదే చెప్తున్నా. కూడు. తీసేయకు." చొక్కా అందుకుని, చంక దగ్గర మడత మిగిలిందని మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఊరందరి కూడికలూ చేసొస్తుంది గానీ ఇంట్లో కూడు సంగతి పట్టదు" అంది అత్తగారు హాల్లోంచి. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో నడుస్తున్న హాస్యం అది. కొత్తలో ఆమె కూడా నవ్వేది.

భార్యాభర్తలిద్దరిదీ ఒకే సంస్థ. అతను పంపులు తయారుచేసే పిల్ల కంపెనీలో అమ్మకాలకి పెద్ద. ఆమె తల్లి కంపెనీ ప్రధాన కార్యాలయంలో, తొమ్మిది దేశాల్లో ఉన్న ఇరవై ఏడు పిల్ల కంపెనీల లెక్కలనీ కలిపి ఒకే లెక్కగా చేసే మనిషి. ఆఫీసంతా ఆమెను కూడికమ్మ అనేది. ఎదురుగా మేడం, వెనకాల కూడికమ్మ.

జూన్ ముగియగానే అర్ధ సంవత్సరపు పని మీద పడుతుంది. ఇరవై ఏడు కంపెనీలూ తమ తమ దేశాల డబ్బులో అంకెలు పంపుతాయి. అన్నిటినీ ఒకే డబ్బులోకి మార్చాలి. అమ్మకాలకీ ఖర్చులకీ ఆరు నెలల సగటు మారకం రేటు, ఆస్తులకీ అప్పులకీ ఆఖరి రోజు రేటు. ఆ తర్వాత అసలు పని. ఒక పిల్ల కంపెనీ ఇంకో పిల్ల కంపెనీకి అమ్మినది అమ్మకం కాదు, కుడి చెయ్యి ఎడమ చేతికి ఇచ్చినట్టు. అలాంటివన్నీ వెతికి రెండు వైపులా కొట్టేయాలి. ఒకరు పంపామంటారు, ఇంకొకరు అందలేదంటారు. ఇద్దరికీ ఫోన్లు చేసి, బతిమాలి, తగువు తీర్చి, నిరుటి ఇవే ఆరు నెలల అంకెల పక్కన నిలబెట్టి, ఎందుకు పెరిగిందో ఎందుకు తగ్గిందో రాసి, ఆడిటర్లకు చూపించి, బోర్డుకు పంపాలి. షేర్లు కొన్న జనం నమ్మేది ఆ కాగితాలనే. వాటి మీద ఆమె పేరు ఎక్కడా అచ్చుకాదు. బోర్డు ముందు నిలబడి వివరించేది ఆమె పైఅధికారి. ఏడేళ్ల కిందట అతను కొత్తగా చేరినప్పుడు ఏ రేటు ఎక్కడ వాడాలో చెయ్యి పట్టి దిద్దించింది ఆమే. ఇప్పుడు ఆడిటర్లు రాగానే, నలుగురు మగవాళ్ళు ఖాళీగా కూర్చుని ఉన్నా సరే, "మేడం, కాఫీలు చూస్తారా" అంటాడు. ఆమె చూస్తుంది. చూడకపోతే మొహం మాడ్చుకుందంటారని చూస్తుంది.

ఆ ఏడు జూలై పదో తేదీన, విదేశంలోని ఒక పిల్ల కంపెనీ అంకెల్లో జూన్ నెల గోదాము అద్దె ఒక్కసారిగా రెట్టింపయి కనిపించింది. చిన్న మొత్తమే. వదిలేసినా అడిగే నాథుడు లేడు. ఆమె అక్కడి గుమాస్తా అమ్మాయికి ఫోన్ చేసింది.

"చోటు చాల్లేదు మేడం, పక్క షెడ్డు కూడా తీసుకున్నాం. మీ పంపులు నాలుగు వేలు వచ్చి పడ్డాయిగా."

"అవి జూన్ ఇరవై తొమ్మిదిన బయటి డీలరుకి అమ్మేశారు కదమ్మా."

"అమ్మారో లేదో నాకేం తెలుసు? డీలరు ఒక్కటి కూడా పట్టుకెళ్లలేదు. సెప్టెంబరులో వెనక్కి పంపాలని ఉత్తరం ఉంది. ఆ కాగితం మీకు పంపనా?"

ఉత్తరం వచ్చింది. అమ్ముడుపోని సరుకంతా సెప్టెంబరులో వెనక్కి తీసుకుంటామనీ, అప్పటిదాకా డీలరు చిల్లిగవ్వ కట్టక్కర్లేదనీ మూడే వాక్యాలు. కింద భర్త సంతకం.

ఆమె ఆ కాగితాన్ని పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇది అమ్మకం కాదు, వేరేవాడి పేరు మీద సొంత సరుకును దాచుకోవడం. తీసేస్తే మొత్తం సంస్థ లాభం నిరుటికంటే తగ్గుతుంది. ఉంచితే పెరుగుతుంది, అతనికి విదేశీ అమ్మకాలన్నిటి మీదా పెద్ద పదవి వస్తుంది. వస్తే ఇల్లు మారుదామన్నాడు, అమ్మకి విడిగా గది ఉంటుందన్నాడు. ఆ గది మాట విన్నప్పుడు తనకూ ఆశ పుట్టిన సంగతి ఆమె తన దగ్గర తానే దాచుకోలేకపోయింది. మనిషి చెడ్డవాడు కాడేమో, తొందరపడ్డాడేమో, తనే ముందు చెప్తే సర్దుకుంటాడేమో. పదకొండేళ్లలో ఇలాంటి 'ఏమో'లు ఎన్ని పోగేసుకుందో.

సాయంత్రం అతను బూట్లు విప్పుతుండగా చెప్పింది. "ఆ పంపులు తీసేయక తప్పదండీ. రేపు మీరే వెళ్ళి చెప్పేస్తే గౌరవంగా ఉంటుంది."

అరుస్తాడనుకుంది. అరవలేదు. రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టి, "సరేలే, చూద్దాం" అన్నాడు. భోజనం అయ్యాక తన కంచం తనే కడుక్కున్నాడు. ఆమె ఆ కంచాన్ని చూసి లోపల్లోపల ఎంత పొంగిపోయిందో తలుచుకుంటే తర్వాత చాలా రోజులు ఆమెకు తన మీద తనకే రోత పుట్టేది.

మర్నాడు పొద్దున్నే పైఅధికారి పిలిచాడు. తలుపు వేసి, టిష్యూల డబ్బా ఆమె వైపు జరిపాడు.

"మేడం, మీవారు నాతో మాట్లాడారు. మార్చిలో జరిగింది నాకు తెలీదు. చాలా బాధేసింది."

ఆమె డబ్బాను తిరిగి అతని వైపే జరిపింది.

మార్చిలో ఐదో నెల కడుపు పోయింది. ఆఫీసుకు జ్వరమని చెప్పింది. మొదటి మూడు నెలల లెక్కలు దగ్గరపడ్డాయని ఆస్పత్రి మంచం మీంచే ఫోన్లో ఎక్కడ ఏ అంకె సరిదిద్దాలో చెప్పింది. భర్త సాయంత్రం వచ్చి, బల్ల మీది అరటిపళ్ళు రెండు తిని, "ఎప్పుడు పంపిస్తారట?" అని అడిగి వెళ్ళాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అతను నోరు విప్పింది ఇదుగో, ఇప్పుడు, ఇక్కడ.

"అప్పట్నుంచి మీకు ప్రతిదీ అనుమానంగా ఉంటోందట. ఇంట్లో కూడా ఆయన మీద... పాపం, ఏడ్చినంత పని చేశారు. రెండు వారాలు సెలవు తీసుకోండి. ఆ డీలరు సంగతి నేను చూసుకుంటా. రేపొచ్చి, ఆడిటర్లకి మామూలుగా ఇచ్చే హామీ కాగితం మీద సంతకం పెట్టేసి వెళ్ళండి."

ఆమె ఏమీ అనలేదు. అంటే గొంతు వణుకుతుంది, వణికితే అతని మాటే నిజమవుతుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్త మామూలుగానే ఉన్నాడు. "నీ మంచికే చెప్పా. రెస్ట్ దొరుకుతుంది" అన్నాడు.

"నా కడుపు సంగతి వాళ్ళకెందుకు చెప్పారు?"

"అబద్ధమా అది?"

అత్తగారు కూర వడ్డించుకుంటూ అంది, "కడుపే నిలుపుకోలేనిది కంపెనీని నిలబెడుతుందట."

భర్త నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, నోట్లో ముద్ద ఉంది. అడ్డం పడుతుందేమోనని ఆపుకుంటూ నవ్వాడు. తల్లి అతని వీపు తట్టి మంచినీళ్ళు అందించింది. ఆమె ఇద్దరినీ చూస్తూ కంచం ఖాళీ చేసింది. మెతుకు వదల్లేదు. రేపు ఓపిక కావాలి.

మర్నాడు పది గంటలకు పైఅధికారి కాగితం ముందు పెట్టాడు. 'నాకు తెలిసినంతవరకు సరిదిద్దవలసినవేవీ మిగిలి లేవు' అని ఉంది. కింద ఆమె హోదా, సంతకానికి ఖాళీ.

"నా బుర్ర సరిగా లేదన్నారుగా. మరి నా సంతకం పనికొస్తుందా?" అని అడిగింది.

"అలా కాదు మేడం, ఇది ఉత్త ఫార్మాలిటీ."

ఆమె కాగితం తీసుకుని, దానికి ఉత్తరం జతచేసి, ఆడిటర్లు కూర్చునే గదిలోకి నడిచింది. అతను వెనకాలే "మేడం, మేడం" అంటూ వచ్చాడు. ఆడిటర్లలో పెద్దాయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి, ఇబ్బందిగా అడిగాడు.

"మీ ఆరోగ్యం బాగాలేదని చెప్పారే?"

"మార్చిలో నాకు గర్భం పోయింది. నిజమే. జూన్‌లో ఈ పంపులు అమ్ముడుపోలేదు. అదీ నిజమే. మొదటిదానితో మీకు పనిలేదు. రెండోది చూడండి" అంది ఆమె.

గొంతు వణికింది. అయినా చెప్పింది.

ఆ అర్ధ సంవత్సరపు లెక్కలు తొమ్మిది రోజులు ఆలస్యంగా వెలువడ్డాయి. పంపుల అమ్మకం తీసేశారు, లాభం తగ్గింది. సకాలంలో పొరపాటు పట్టుకున్నందుకు బోర్డు పైఅధికారిని మెచ్చుకుంది. భర్త ఉద్యోగం పోలేదు గానీ పదవి చేజారింది. ఆమెను మూతపడిన కంపెనీల పాత ఫైళ్ళు చూసే గదికి మార్చారు. కిటికీ లేదు. లిఫ్టులో ఆమె ఎక్కితే మాటలు ఆగిపోయేవి. మొగుడి నోటికాడి కూడు పడగొట్టిందట అని ఎవరో అన్నది ఆమె చెవిన పడింది. కూడికమ్మ అని మళ్ళీ ఎవరూ అనలేదు.

ఇంట్లో భర్త మూడు వారాలు మాట్లాడలేదు. నాలుగో ఆదివారం పొద్దున, ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతుండగా, తల్లి పక్కన కూర్చుని తీర్పు చెప్పాడు.

"అమ్మ కాళ్ళ మీద పడి తప్పయిందను. మర్చిపోయి ఉంచుకుంటా. లేదంటే నీ దారి నీది."

"అంత పెద్ద మనసు ఏ మగాడికుంటుంది" అంది అత్తగారు.

ఆమె తన బట్టలు మాత్రం వేరుగా తీసి సంచిలో పెట్టుకుంది. ఆఫీసు దగ్గర ఒక గదికి అడ్వాన్సు ఇచ్చి అప్పటికే వారమయింది. సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"మార్చిలో పోయింది ఆడపిల్లో మగపిల్లాడో నీకు తెలుసా?"

పదకొండేళ్లలో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. అత్తగారి నోరు తెరుచుకుంది. భర్త తల్లి వైపు చూశాడు, తల్లికీ తెలియదు.

"ఎ... ఎవరు?" అన్నాడు. మొదటిసారి గొంతు తగ్గింది.

"డాక్టరు చెప్పింది. నువ్వు ఆ రోజు అడగలేదు."

ఆమె మెట్లు దిగింది. అతను చెప్పులు కూడా లేకుండా, రెండంతస్తులు వెనకే దిగుతూ అడిగాడు. ఆమె చెప్పలేదు.