గీత మీద కూర్చున్న నానమ్మ

సుధామయి అన్నం డబ్బా వరుసగా నాలుగో రోజూ నిండుగానే ఇంటికొచ్చింది.

శ్యామలాంబ మూత తీసి చూసింది. పొద్దున తాను కలిపి పెట్టిన దోసకాయ పప్పన్నం, పక్కన రెండు చల్ల మిరపకాయలు, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. దేవుడికి పెట్టిన నైవేద్యంలోనైనా ఒక చీమ వేలు పెడుతుంది. ఇందులో అదీ లేదు.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది."

"పప్పులో ఉప్పెక్కువైందా?"

"తింటే కదా తెలిసేది!" అని నాలుగో తరగతి మనవరాలు బ్యాగు మంచం మీద పడేసి లోపలికి వెళ్లిపోయింది.

బ్యాంకు నుంచి వచ్చిన కోడలు విజయశ్రీ సంగతి విని, చెప్పులు విప్పుతూ, "గీత గీయించింది మీరే కదా అత్తయ్యా," అంది. తిట్టినట్టు లేదు, నవ్వినట్టూ లేదు. శ్యామలాంబ గొంతులో ఆ మాట చల్ల మిరపకాయ తొడిమలా ఇరుక్కుంది.

ఆ గీత సంగతి ఇదీ. కిందటి వారం సుధామయి డబ్బాలోని చెంచా తాను కడుగుతుంటే అంచున పచ్చటి పొడి ఏదో కనిపించింది. శ్యామలాంబ ముక్కు దగ్గర పెట్టుకుంది. కోడిగుడ్డు! చెంచాను ఒకసారి సబ్బుతో తోమి, ఒకసారి చింతపండుతో తోమి, మనసొప్పక మూడోసారి మరిగే నీళ్లలో వేసి, తాను తలస్నానం చేసి, తార్నాకలో ఆటో ఎక్కి, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న బడికి వెళ్లింది.

హెడ్మిస్ట్రెస్ రూతు టీచరుది బాపట్ల, శ్యామలాంబది తెనాలి. ఒకే రైలు మార్గం. ఆ చనువుతో అడిగింది. "చూడమ్మా, ఎవరి తిండినీ నేనేమీ అనను. ఎవరిది వాళ్లకు పరమాన్నం. మా పిల్లను మాత్రం కాస్త విడిగా కూర్చోబెట్టండి. పెళ్లిళ్లలో మడి పంక్తి వేరే వెయ్యరూ, అలాగన్నమాట."

రూతు టీచరుకు ఎవరి మనసు నొప్పించడమూ చేతకాదు. అదే ఆవిడ గొప్ప, అదే ఆవిడ తంటా. మర్నాడే పిల్లలు అన్నం తినే వరండాలో సుద్దముక్కతో నిలువు గీత గీయించి, ఇటు పప్పు, అటు గుడ్డు అన్నది. శ్యామలాంబ వీధి చివర వినాయకుడికి కొబ్బరికాయ కొట్టింది.

ఇప్పుడేమో డబ్బా ఇలా వస్తోంది.

శుక్రవారం పూజలో అమ్మవారి ముందు బెల్లం ముక్క పెట్టి, "తల్లీ, నీ ఆచారమే కదా నేను కాపాడింది. మరి పిల్ల ఎందుకు పస్తుంటోంది?" అని అడిగింది. అమ్మవారి పద్ధతే అంత. అడిగినవాళ్లనే వెళ్లి చూసుకోమంటుంది. శ్యామలాంబ పన్నెండింటికి ఆటో ఎక్కింది.

వరండాలో గీతకు అవతల ముప్పై మంది పిల్లలు గుండ్రంగా కూర్చుని గోల చేస్తున్నారు. ఇవతల ముగ్గురే. ఒకటో తరగతి కవలలిద్దరు ఒకరిమీద ఒకరు అలిగి చెరో గోడ వైపు తిరిగి తింటున్నారు. మూడోది సుధామయి. గీతకు మోకాళ్లు ఆనించి, అవతలికి కొంగలా మెడ చాచి కూర్చుంది. డబ్బా మూత తియ్యలేదు.

అవతల ఆట జరుగుతోంది. మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే నవత కళ్లకు రుమాలు కట్టారు. అందరూ డబ్బాలు తెరిచారు. ఏది ఎవరి డబ్బానో వాసన పట్టి చెప్పాలి. చెబితే ఆ డబ్బాలోంచి ఒక ముద్ద బహుమానం.

"గిది దీప్తిది, గుడ్డు కూర! గిది చింతకాయ తొక్కు, నాదే! సుధా, నీది ఏందే? వాసన వస్తలేదు!"

"నేను ఆటలో లేనుగా. గీత ఉంది."

"గీత ఉంటేంది? వాసన గీత దాటొస్తది గదనే!"

"ముద్ద దాటదుగా," అంది సుధామయి.

ఆ మెడ చాచడం శ్యామలాంబ ఇంతకుముందు ఎక్కడో చూసింది. ఎక్కడో కాదు, పుట్టింట్లోనే. సంతర్పణ జరిగిన రోజు విస్తళ్లకు ఆకులు కోసి తెచ్చిన పేరయ్య, పంక్తి లేచేదాకా గోడ అవతల కూర్చునేవాడు. పక్కన అతని కూతురు ఇలాగే మెడ చాచి చూసేది. తన ఈడుదే. ఆ పిల్ల పేరు ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అడిగితే కదా గుర్తుండేది.

"అమ్మమ్మగారూ, మీరు సుధ వాళ్ల నానమ్మ కదూ?" దీప్తి ఆమెను చూసి లేచి నిలబడింది. "ఆ రోజు తన చెంచా నాకిచ్చిందండీ. నాది కింద పడితే. సుధ గుడ్డు తినలేదు, ప్రామిస్."

"అవునవ్వా," అంది నవత, రుమాలు పైకి జరిపి. "మాలో పెద్ద ముక్కు సుధదే. గుడ్డు డబ్బ గెలిస్తే, ఆ ముద్ద నాకే ఇస్తుండె. ఇప్పుడు నాకు నష్టం!"

తినలేదు! శ్యామలాంబకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గు కూడా వచ్చింది. తిని ఉంటే మాత్రం, పిల్లను ఇలా పస్తుంచాలా తను? దానికి జవాబు వెతికే లోపల మోకాళ్లు సలిపాయి. గోడవారన పిల్లల బ్యాగులు. ఖాళీ ఎక్కడుందా అని చూసి, ఉన్నచోట చతికిలబడింది.

"అవ్వా! గాడ కూసోకు! గీత మాసిపోతది, టీచర్ మమ్ముల తిడ్తది!"

అప్పటికే కూర్చుంది. సరిగ్గా గీత మీద.

"రోజూ మడమలతో చెరిపేది మీరే కదే," అంటూ రూతు టీచరు వచ్చింది. "శ్యామలాంబగారూ, నేను గీయించిన గీత రోజూ జానెడు సుధ వైపు నడిచొస్తోందండీ. మళ్లీ గీయిస్తున్నాను. ఇవాళ మీరే..."

"ఇవాళ నేనే చెరిపాను. నన్నే తిట్టండి," అంది శ్యామలాంబ. "సుధా, మూత తియ్యి. ఆ రుమాలు ఇలా తే."

"అవ్వ ముక్కు పని చేస్తదా?" నవతకు అనుమానం.

"నా ముక్కు చేసిన పనే కదుటే ఇదంతా!"

రుమాలు కట్టుకుని, ఒక్కో డబ్బా ముందుకు రాగానే చెప్పింది. ఇంగువ మనది. ఇది చింతకాయ తొక్కు, మెంతులు మాడాయి. ఇది గుడ్డు, మిరియాలు ఎక్కువ పడ్డాయి.

"మా నాన్న కూడా అదే అన్నారు!" అని దీప్తి కేకేసింది.

అవ్వ గెలిచిన ముద్దలన్నీ నవతకే పోయాయి. సుధామయి అవతలికి జరిగి, నవతకూ దీప్తికీ మధ్య కూర్చుని తినడం మొదలుపెట్టింది. గంట కొట్టారు. ముప్పై మందీ లేవబోయారు.

"కూర్చోండి! పంక్తిలో చివరివాళ్లు తినేదాకా ఎవరూ లేవకూడదు," అంది శ్యామలాంబ.

"సుధ చానా మెల్లగ తింటదవ్వా!"

"అయితే మెల్లగానే లేద్దాం."

రూతు టీచరు గడియారం చూసింది, పిల్లను చూసింది, తానూ కూర్చుంది.

డబ్బా ఖాళీ అయింది. అందరూ లేచారు, శ్యామలాంబ తప్ప. ఎంత ప్రయత్నించినా మోకాళ్లు సహకరించలేదు. దీప్తి చెయ్యి చాచి, గబుక్కున వెనక్కి తీసుకుంది. "చెయ్యి కడుక్కోలేదండీ. గుడ్డు..."

శ్యామలాంబ ఆ చేతివంక ఒక్క క్షణం చూసింది.

"ముందు లేపవే తల్లీ. తర్వాత ఇద్దరం కడుక్కుందాం."

ఇంటికొచ్చి స్నానం చేసింది. ఎండకో, ఆ గుడ్డు చేతికో, అమ్మవారు అడగలేదు, ఆమె చెప్పలేదు. విప్పిన చీర వెనక సుద్ద గీత తెల్లగా అంటుకుని ఉంది. దులిపి బకెట్లో నానేసింది.

సాయంత్రం డబ్బా చూస్తే చల్ల మిరపకాయల తొడిమలు తప్ప ఏమీ లేవు. చెంచా కూడా లేదు.

"దీప్తి దగ్గరుండిపోయింది," అంది సుధామయి, బిక్కమొహం పెట్టి.

శ్యామలాంబ గూట్లోంచి రెండు చెంచాలు తీసి, సోమవారం కోసం డబ్బా పక్కన పెట్టింది.